నాలుగో డ్రమ్మర్ ఊరికి

మొదటి రోజు, గురువారం

లండన్‌లో ఇస్లింగ్టన్ అనే పేట. అందులో అప్పర్ స్ట్రీట్ మీద హోప్ అండ్ యాంకర్ అనే పబ్బు. సాయంత్రం ఆరింటికి అక్కడ కూర్చుని బావ కోసం ఎదురు చూస్తున్నాను. బావ అంటే సొంత బావేం కాదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో అందరికీ అందరం బావలమే. ఇరవై ఏళ్ళు గడిచినా వీడొక్కడే ఇంకా ఆ పిలుపు నిలబెట్టుకున్నాడు. అప్పుడు మా బ్యాండులో వాడిది బేస్ గిటార్, నాది మామూలు గిటార్. ఇప్పుడు వాడు మాంచెస్టర్లో, నేను లండన్లో, ఇద్దరం కంప్యూటర్లకు కాపలా. ఆఫీసు పని మీద లండన్ వచ్చిన బావ రాత్రికి కారులో తిరిగి వెళ్తున్నాడు. నాకు ఆరు రోజుల సెలవుంది. జాయ్ డివిజన్ తొలి రోజుల్లో తిరిగిన చోట్లు చూద్దామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాం.

జాయ్ డివిజన్ పేరు వినకపోయినా వాళ్ళ బొమ్మ చూసే ఉంటారు. నల్ల టీషర్టు మీద తెల్ల గీతలు కొండల వరసల్లా లేచి పడుతుంటాయి. కోఠీలో ఫుట్‌పాత్ మీద కూడా ఒకసారి కనిపించింది. అవి కొండలు కావు, సీపీ 1919 అనే పల్సార్ నక్షత్రం నుంచి వచ్చిన రేడియో సంకేతాలు. 1979లో వాళ్ళ మొదటి ఆల్బమ్‌కి పీటర్ సావిల్ అనే డిజైనర్ ఆ బొమ్మని అట్టగా వేశాడు. సాల్ఫర్డ్ కుర్రాళ్ళు ఇద్దరు, మాకిల్స్‌ఫీల్డ్ కుర్రాళ్ళు ఇద్దరు. పంక్ సంగీతంతో మొదలై, ఆ వేగం తగ్గించి, వాయిద్యాల మధ్య ఖాళీలు వదిలి, బేస్ గిటార్‌ని పై స్వరాల్లోకి ఎక్కించి వేరే దోవ పట్టారు. ఆ దోవకి పోస్ట్ పంక్ అని పేరొచ్చింది. 1980 మే 18న గాయకుడు ఇయాన్ కర్టిస్ ఇరవై మూడేళ్ళకే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ చావు గురించి కావలసినంత రాశారు. నా ధ్యాస అంతకు ముందు రోజుల మీద. ఎవరూ పట్టించుకోని రోజులు, డ్రమ్ముల వెనక స్టూలు మీద మనిషి నిలవని రోజులు. దానికో కారణముంది, ఓల్డమ్ దాకా వెళ్ళాక చెబుతాను.

ఈ పబ్బు నేలమాళిగలో 1978 డిసెంబర్ 27న లండన్‌లో వాళ్ళ మొదటి కచేరీ. క్రిస్మస్ అయిన రెండో రోజు రాత్రి. వచ్చింది ముప్పై మంది. గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నర్‌కి ఒళ్ళు కాలిపోతోంది. మెట్లు దిగి చూశాను. తల వంచుకుని దిగాలి. ముప్పై మందంటే ఇంత గదిలో మరీ ఖాళీగా ఏమీ కనబడి ఉండదు అనిపించింది. ఆ మాట బావతో అంటే, "అమలాపురంలో మనకి పద్నాలుగు మంది వచ్చారు, అందులో ఆరుగురు షామియానా వాళ్ళు" అన్నాడు.

ఏడున్నరకి బయల్దేరాం. ఎం-1 ఎక్కాక వాన మొదలైంది. ఆ రాత్రి వాళ్ళు కూడా ఉత్తరానికే, ఇళ్ళకి తిరిగి వెళ్తున్నారు. జ్వరంతో ఉన్న సమ్నర్ స్లీపింగ్ బ్యాగులో ముడుచుకుంటే కర్టిస్ దాన్ని లాక్కున్నాడు. కారులో ఇద్దరూ పెనుగులాడారు. చూస్తుండగానే కర్టిస్‌కి ఫిట్స్ వచ్చాయి. ల్యూటన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తర్వాతి జనవరి 23న డాక్టర్లు మూర్ఛ రోగమని తేల్చారు. అప్పటికి వాళ్ళకి చేతిలో ఆల్బమ్ లేదు, అందరికీ పగలు ఉద్యోగాలున్నాయి. ల్యూటన్ బోర్డు దగ్గర బావ కారు కాస్త నెమ్మది చేసి, "దిగుదామా?" అన్నాడు. ఆసుపత్రి దగ్గర దిగి చూసేదేముంటుంది? పోనివ్వమన్నాను.

దారంతా వాళ్ళ పాటలే పెట్టుకున్నాం. బర్మింగ్‌హామ్ దాటాక బావ చెల్లి కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పాం. (బావ భార్యని నేను చెల్లి అంటాను, ఇది కూడా హాస్టల్ లెక్కే.) అర్ధరాత్రికి ఇల్లు చేరాం.

రెండో రోజు, శుక్రవారం

మాంచెస్టర్ అంటే మా ముత్తాత తరానికి సీమ గుడ్డ. మన మగ్గాలని మూలపడేసిన ఊరు. ఈ ఊళ్ళో కాలు పెడుతుంటే ఆ లెక్క ఎక్కడో గుర్తొస్తూనే ఉంటుంది. పొద్దున్న ట్రామెక్కి సెయింట్ పీటర్స్ స్క్వేర్లో దిగాం. నాలుగడుగుల్లో ఫ్రీ ట్రేడ్ హాలు. గుడ్డల వ్యాపారం మీద బతికిన ఊరు స్వేచ్ఛా వాణిజ్యం పేరుతో కట్టుకున్న గుడి లాంటిది. 1819 ఆగస్టు 16న ఓటు హక్కు అడిగిన జనం మీదికి గుర్రపు సైన్యాన్ని తోలిన మైదానం ఇదే. పీటర్లూ అంటారు. మనకి జలియన్‌వాలా బాగ్ ఎలాగో వాళ్ళకి అలాగ. గోడకి ఎర్ర ఫలకం ఉంది. ముఖభాగం మాత్రం పాతది, వెనకంతా ఇప్పుడు హోటల్.

ఈ భవనంలోనే పై అంతస్తులో లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్ అనే చిన్న హాలుండేది. 1976 జూన్ 4న లండన్ నుంచి సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు వాళ్ళు వచ్చి వాయించారు. ఏర్పాటు చేసింది బజ్‌కాక్స్ బ్యాండు పెట్టబోతున్న హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ. టికెట్ 50 పెన్నీలు. వచ్చింది నలభై మందో ఎంతో. ఆ రాత్రి నేనక్కడున్నానని చెప్పుకునేవాళ్ళు మాత్రం తర్వాత్తర్వాత వేలల్లో తేలారు. ఎన్టీఆర్ తొలి సభకి మా ఊరు మొత్తం వెళ్ళిందని చెప్పుకున్నట్టు. నిజంగా ఉన్నవాళ్ళలో సాల్ఫర్డ్ గ్రామర్ స్కూల్లో పదకొండేళ్ళ నుంచి జతకట్టి తిరిగిన ఇద్దరున్నారు, బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్. వేదిక మీద వాళ్ళకి వాయించడం పెద్దగా రాదని వీళ్ళకి అర్థమైంది. అయితే మనమూ చెయ్యొచ్చు కదా అనుకున్నారు. మర్నాడు హుక్ వాళ్ళమ్మ దగ్గర 35 పౌండ్లు అప్పు తీసుకుని బేస్ గిటార్ కొన్నాడు.

బావ హోటల్ వాళ్ళని అడిగి లాబీలో కాస్త తిరిగి వచ్చాడు. నేను ఎదురు పేవ్‌మెంట్ మీదే నిలబడ్డాను. "ముప్పై అయిదు పౌండ్లు. నేను మా నాన్నని మూడు నెలలు బతిమాలాను" అన్నాడు వస్తూనే.

గాయకుడు కావాలని ఊళ్ళో వర్జిన్ రికార్డుల షాపులో కాగితం అంటిస్తే కర్టిస్ ఫోన్ చేశాడు. కచేరీల్లో వీళ్ళు చూసిన ముఖమే. పాడి చూపించమని కూడా అడగలేదు, తీసేసుకున్నారు. మనిషి కలిసిపోతాడు, అది చాలు. అసలు చిక్కంతా డ్రమ్ముల దగ్గర. సమ్నర్, హుక్‌ల స్నేహితుడు టెర్రీ మేసన్ డ్రమ్ములు నేర్చుకోవడానికి తంటాలు పడ్డాడు. అబ్బలేదు. కానీ వదిలేయలేదు వాడిని. సామాను, బండి, మేనేజరు పని, ఏదో ఒకటి చూసుకుంటూ వాళ్ళతోనే తిరిగాడు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. పని రానివాడిని పక్కన పెట్టడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఏ బ్యాండులోనూ వినలేదు.

మధ్యాహ్నం కాలిహర్స్ట్ వైపు వెళ్ళాం. ఎలక్ట్రిక్ సర్కస్ అనే పాత హాలు ఇక్కడుండేది, ఇప్పుడు లేదు. 1977 మే 29న వాళ్ళ మొదటి కచేరీ ఇక్కడే. పెద్దపీట బజ్‌కాక్స్‌ది, వీళ్ళు అందరికంటే కింద. పోస్టర్ మీద పేరు స్టిఫ్ కిటెన్స్. బజ్‌కాక్స్ తరఫు వాళ్ళు పెట్టిన ఆ పేరు వీళ్ళకి నచ్చలేదు. వేదిక ఎక్కే ముందు వార్సా అని మార్చుకున్నారు, డేవిడ్ బోవీ పాటొకటి మనసులో పెట్టుకుని. ఆ రాత్రి డ్రమ్ముల మీద కూర్చున్నది టోనీ టబాక్. అప్పటికి చేరి రెండు రోజులో మూడు రోజులో అన్నంత కొత్త. అయిదారు వారాలకే వెళ్ళిపోయాడు.

ఇప్పుడక్కడ చూడ్డానికి ఏమీ లేదు. రోడ్డు, ఇళ్ళు, వాన. ఒక ముసలాయన కుక్కని తిప్పుతూ, దారి తప్పారా అని అడిగాడు. లేదండీ, ఎలక్ట్రిక్ సర్కస్ అన్నాం. ఆయన మమ్మల్నీ ఖాళీ స్థలాన్నీ మార్చి మార్చి చూసి, యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చారని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడో రోజు, శనివారం

ఓల్డమ్. ఒకప్పుడు లోకంలో ఇంత నూలు వడికిన ఊరు ఇంకోటి లేదని చెప్పుకునే చోటు. కొండ మీదికి ఎక్కుతుంటే అక్కడక్కడా మిల్లు గొట్టాలు కనిపిస్తాయి. 1977 జులై 18న వార్సా ఇక్కడి పెనైన్ స్టూడియోలో అయిదు పాటలు రికార్డు చేసింది. అప్పుడు డ్రమ్ముల మీద స్టీవ్ బ్రదర్‌డేల్, మూడోవాడు. గట్టిగా, వేగంగా వాయిస్తాడు. మనిషితోనే ఇబ్బంది. వాడికి ఇంకో బ్యాండు కూడా ఉంది. కర్టిస్‌ని ఆ బ్యాండులోకి లాగాలని చూశాడు.

వాడిని వదిలించుకున్న తీరు వాళ్ళు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. స్టూడియో నుంచి కారులో వస్తూ దారిలో ఆపారు. టైరులో గాలి పోయినట్టుంది, దిగి చూడమన్నారు. దిగాడు. వీళ్ళు కారు పోనిచ్చేశారు. అంతే, ఆ తర్వాత వాడు బ్యాండులో లేడు.

ఎవరు చెప్పినా నవ్వుతూనే చెబుతారు, చదివేవాళ్ళం కూడా నవ్వుతాం. నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. ఓల్డమ్ రోడ్డు పక్కన కారాపుకుని ఫ్లాస్కులో టీ తాగుతూ బావ ఆ కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇద్దరికీ నవ్వు రాలేదు.

మాదీ అదే కథ. కాకినాడలో మా మొదటి డ్రమ్మర్ చర్చిలో వాయించి నేర్చుకున్నవాడు. మన వైపు డ్రమ్ములు వాయించేవాళ్ళలో చాలామంది అలాగే నేర్చుకుంటారు, ఆదివారం ఆదివారం, క్రిస్మస్ కేరల్స్‌లో. చేతిలో మంచి లయ ఉండేది. సొంత సెట్టు లేదు. కాలేజీల్లో పండగలకి రాజమండ్రి, భీమవరం వెళ్ళాలంటే చర్చి సెట్టు అడిగి తెచ్చి, ఆర్టీసీ బస్సు టాప్ మీదికెక్కించి, కండక్టర్‌తో లగేజీ టికెట్ దగ్గర గొడవపడి, రావులపాలెంలో తాడు జారిందేమోనని దిగి చూసి... ఇంత తతంగం. మూడో ఏడు ఒక కుర్రాడొచ్చాడు. వాళ్ళ నాన్న కొనిచ్చిన కొత్త సెట్టుంది, సామాను వేసుకోవడానికి వ్యానూ ఉంది. విశాఖపట్నంలో పోటీకి వెళ్ళాలి. పాతవాడికి బస్సు ఎనిమిదింటికని చెప్పాం. మేము ఆరింటికి వ్యాన్లో వెళ్ళిపోయాం.

వాడు ఎనిమిదింటికి కాంప్లెక్సులో స్టిక్కులు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ తర్వాత హాస్టల్లో ఎదురుపడితే పలకరించేవాడు. ఏమీ అడగలేదు. అడిగుంటే బావుండేది.

"చెప్పింది నువ్వే కదరా" అన్నాడు బావ.

"ఎనిమిదని చెప్పింది నువ్వు. నేను పక్కనున్నానంతే."

వాడు టీ పారబోసి కారెక్కాడు. విశాఖలో మాకు ఏ బహుమతీ రాలేదని కూడా ఇక్కడే రాసేస్తాను.

సాయంత్రం ఊళ్ళోకి వచ్చి కెథీడ్రల్ వెనక ఫెనెల్ స్ట్రీట్‌లో నడిచాం. పిప్స్ అనే డిస్కో ఉండేదక్కడ. 1977 డిసెంబర్ 31 రాత్రి లివర్‌పూల్లో స్వింగింగ్ యాపిల్ అనే చోట వార్సా పేరుతో చివరి కచేరీ చేశారు. లండన్లో వార్సా ప్యాక్ట్ అనే బ్యాండు అప్పటికే రికార్డు వేసేసింది కాబట్టి పేరు మార్చక తప్పలేదు. 1978 జనవరి 25న పిప్స్‌లో జాయ్ డివిజన్‌గా మొదటిసారి వాయించారు. ఆ పేరు నాజీ శిబిరాల్లో ఆడవాళ్ళని చెరపట్టి ఉంచిన విభాగానిది, ఒక నవలలోంచి తీసుకున్నారు. అదే ఏడు వేసుకున్న చిన్న రికార్డు అట్ట మీద డప్పు కొట్టే హిట్లర్ యువదళం కుర్రాడి బొమ్మ పెట్టారు. నాజీలా అని అడిగితే కాదన్నారు, కాదు కూడా. ఇరవై ఏళ్ళ వయసులో లోకాన్ని ఉలిక్కిపడేలా చెయ్యాలన్న సరదా. పాటలన్నీ నోటికొచ్చినా ఆ పేరు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాలుగో రోజు, ఆదివారం

పిక్కడిల్లీ స్టేషన్లో రైలెక్కితే అరగంట లోపే మాకిల్స్‌ఫీల్డ్. పట్టు నేసిన ఊరు. ప్యారడైజ్ మిల్ అనే మ్యూజియంలో ఇరవై ఆరు జకార్డ్ చేమగ్గాలు వరసగా ఉన్నాయి. చిల్లుల అట్టలు, పైన కట్టిన దారాలు చూస్తే ధర్మవరంలో నేతింటి గుమ్మంలో నిలబడినట్టే ఉంటుంది. ఇది నేను ఇంతకు ముందొకసారి వచ్చినప్పుడు చూశాను. ఈసారి వచ్చిన పని వేరు.

1977 ఆగస్టులో ఈ ఊళ్ళో ఒక సంగీత వాయిద్యాల షాపు కిటికీలో కర్టిస్ చిన్న ప్రకటన పెట్టించాడు, డ్రమ్మర్ కావాలని. జవాబిచ్చింది ఒక్కడంటే ఒక్కడు, స్టీఫెన్ మోరిస్. కర్టిస్ చదివిన కింగ్స్ స్కూల్లోనే చదివినవాడు, వయసులో ఏడాది చిన్న. నాన్నకి వంటిళ్ళు అమర్చే వ్యాపారం ఉంటే అందులో పని చేస్తున్నాడు. మనిషి సన్నగా ఉంటాడు, ఎక్కువ మాట్లాడడు, యంత్రంలా వాయిస్తాడు. యంత్రం అంటే తిట్టు కాదు. లెక్క తప్పదు, అనవసరంగా ఒక్క దెబ్బ పడదు, కానీ లోపల ఏదో మరుగుతున్నట్టుంటుంది. వాడొచ్చాకే హుక్ బేస్ పైకెక్కింది, సమ్నర్ గిటార్ ఊపిరి తీసుకుంది. వాడు చేరడంతో బ్యాండు ఒక కుటుంబంలా కుదిరిందని కర్టిస్ భార్య డెబొరా తర్వాత రాసుకుంది. మూడేళ్ళు, అంటే చివరిదాకా, ఆ స్టూలు మళ్ళీ ఖాళీ కాలేదు.

ఒక్క జవాబు. రెండోవాడెవడైనా ఫోన్ చేసి ఉంటే ఎంచుకోవాల్సొచ్చేది, తప్పు ఎంచుకునేవాళ్ళేమో కూడా. మాకు ఎంచుకునే అవకాశం దొరికింది, వ్యాన్ ఉన్నవాడిని ఎంచుకున్నాం.

కర్టిస్ ఉద్యోగం ఇక్కడి ఉపాధి కార్యాలయంలో, వికలాంగులకి పని వెతికిపెట్టడం. మూర్ఛ ఉన్న ఒకమ్మాయి పని కోసం ఆయన దగ్గరికి వస్తుండేది. కొన్నాళ్ళు రాకపోతే ఉద్యోగం దొరికిందేమో అనుకున్నాడు. ఫిట్స్ వచ్చి చనిపోయిందని తర్వాత తెలిసింది. ఆమె మీద రాసిన పాట వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో ఉంది, షీజ్ లాస్ట్ కంట్రోల్. తనకీ అదే రోగమని తెలిశాక కూడా రాత్రి రాత్రికీ వేదిక మీద అదే పాట పాడాడు. చేతులు గాలిలో విదిలించే ఆ నాట్యాన్ని జనం ఈలలేసి మెచ్చుకునేవారు. ఏది నాట్యమో ఏది ఫిట్సో ఒక్కోసారి పక్కనున్న బ్యాండుకే తెలిసేది కాదు.

బార్టన్ స్ట్రీట్ 77. వరస ఇళ్ళలో చివరిది. ఎవరో ఒకరి ఇల్లది, ఎక్కువసేపు నిలబడలేదు, ఫోటో తీయలేదు. మిల్ స్ట్రీట్‌లో గోడ మీద కర్టిస్ ముఖం పెద్దగా వేశారు, కళ్ళు కిందికి దించుకున్న నలుపు తెలుపు బొమ్మ. ఆదివారం కావడంతో షాపుల ముందు జనం ఉన్నారు. తలెత్తి చూసింది మేమిద్దరమే.

ఊరి చివర శ్మశానవాటికలో చిన్న రాయి. పేరు, తేదీ, పాటలోని ఒక మాట, లవ్ విల్ టేర్ అస్ అపార్ట్. 2008లో ఆ రాయిని ఎవరో ఎత్తుకుపోతే కొత్తది పెట్టారు. దాని మీద నాణేలు, గిటార్ పిక్కులు, తడిసిపోయిన ఉత్తరాలు. బావ జేబులోంచి పిక్కు తీశాడు. బేస్‌ని వేళ్ళతో వాయించేవాడి దగ్గర పిక్కెందుకుందో అడగలేదు. పెట్టి, కాస్త సర్ది, లేచాడు.

తిరుగు రైల్లో ఫోన్ తీసి చూపించాడు. మా పాత డ్రమ్మర్ ఫేస్‌బుక్ పేజీ. రామచంద్రాపురం దగ్గర సౌండ్ సిస్టం అద్దెకిస్తాడట. పెళ్ళిపందిట్లో స్పీకర్ల ముందు నిలబడి తీయించుకున్న ఫోటో, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. "ఎప్పట్నుంచి ఫాలో అవుతున్నావ్?" అన్నాను. చెప్పలేదు.

అయిదో రోజు, సోమవారం

వాన తెరిపిచ్చింది. హ్యూమ్‌లో ప్రిన్సెస్ రోడ్డు మీదుగా పోయే కాలినడక వంతెన చూశాం. 1979 జనవరి 6న, మంచు పడ్డ రోజు, కెవిన్ కమిన్స్ అనే ఫోటోగ్రాఫర్ నలుగురినీ దీని మీద నిలబెట్టి తీసిన ఫోటోల్లో ఒకటి చాలా ప్రసిద్ధం. మనుషులు చీమల్లా, చుట్టూ తెలుపు. చలికి భుజాలు ముడుచుకుని ఉన్నారు. పక్కనుండే పెద్ద పెద్ద వంకీ బిల్డింగులు తొంభైల్లో కూల్చేశారు, వంతెన ఉండిపోయింది. ఇక్కడికి దగ్గర్లోనే బస్సు కార్మికుల క్లబ్బొకటుండేది, రస్సెల్ క్లబ్. 1978 మేలో టోనీ విల్సన్ అనే టీవీ యాంకరు, స్నేహితులూ కలిసి ఫ్యాక్టరీ పేరుతో రాత్రి కచేరీలు మొదలుపెట్టింది అందులో. ఆ పేరే తర్వాత రికార్డుల కంపెనీ అయింది.

విల్సన్‌కి వీళ్ళు ఎలా తగిలారన్నది వినదగ్గ కథే. 1978 ఏప్రిల్ 14న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రాఫ్టర్స్ అనే క్లబ్బులో కొత్త బ్యాండుల పోటీ. పదిహేడు బ్యాండులు. వీళ్ళ వంతు రాత్రి రెండు దాటాక వచ్చింది. అప్పటికి కర్టిస్ విల్సన్‌ని పట్టుకుని, మమ్మల్ని టీవీలో ఎందుకు వెయ్యవని బూతులు తిట్టేసి ఉన్నాడు. ఆ రాత్రి విన్న ఇంకో మనిషి ఆ క్లబ్బు డీజే రాబ్ గ్రెటన్, వెంటనే మేనేజరుగా చేరిపోయాడు. సెప్టెంబరుకల్లా విల్సన్ వాళ్ళని టీవీలోనూ చూపించాడు. బూతులు పనిచేస్తాయన్నమాట, ఒక్కోసారి.

మధ్యాహ్నం స్టాక్‌పోర్ట్ వెళ్ళి వాటర్లూ రోడ్డులో స్ట్రాబెరీ స్టూడియో ముందు ఆగాం. నీలం ఫలకం తప్ప చెప్పుకోడానికేం లేదు, స్టూడియో 1993లోనే మూతపడింది. 1979 ఏప్రిల్‌లో అన్‌నోన్ ప్లెజర్స్ ఆల్బమ్ ఇక్కడే చేశారు. నిర్మాత మార్టిన్ హానెట్ మోరిస్ డ్రమ్ముల్ని విడివిడిగా రికార్డు చేశాడు, ఒకదాని మోత ఇంకోదానిలోకి కారకూడదని. లిఫ్టు చప్పుడు కూడా పాటలోకి ఎక్కించాడు. స్ప్రే డబ్బా చప్పుడుతో తాళం వేయించాడు. వచ్చినదాన్ని విని హుక్, సమ్నర్‌లకి ఒళ్ళు మండింది. వేదిక మీద మా కోపం ఏదీ అన్నారు. నాకు మాత్రం హానెట్ వైపే మొగ్గు.

ఆరో రోజు, మంగళవారం

సాయంత్రం నా రైలు. పొద్దున్న బావ సెలవు పెట్టి కారులో బరీ తీసుకెళ్ళాడు. ముందు బజారు. ఈ ఊరి బ్లాక్ పుడింగ్ పేరుమోసినది, రక్తం కలిపి చేసే సాసేజి. ఇంగ్లీషు స్నేహితులు ముఖం చిట్లిస్తారు గానీ మేక నల్ల తిని పెరిగినవాళ్ళకి ఇదేం వింత కాదు. మిరియం తక్కువైంది, అంతే.

మార్కెట్ స్ట్రీట్‌లో డెర్బీ హాల్ ఇప్పుడు ద మెట్ అనే కళాకేంద్రం. 1979 అక్టోబరు, నవంబరుల్లో బజ్‌కాక్స్ వెంట దేశమంతా తిరిగిన ఇరవై పైచిలుకు కచేరీలతో వీళ్ళు ఉద్యోగాలు మానేశారు. 1980 జనవరిలో హాలండ్, బెల్జియం, జర్మనీ చుట్టొచ్చారు. ఏప్రిల్ 4న లండన్లో ఒకే రాత్రి రెండు హాళ్ళలో వాయించారు, మొదటి చోట కర్టిస్‌కి ఫిట్స్ వచ్చినా రెండోచోటికి వెళ్ళారు. ఆ వారంలోనే కర్టిస్ మాత్రలు మింగేశాడు. బతికాడు. ఏప్రిల్ 8న ఈ హాల్లో కచేరీ. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. రద్దు చెయ్యలేదు.

మొదట వేరే బ్యాండు గాయకుడు అలన్ హెంప్సాల్‌ని పాడించారు. మధ్యలో కర్టిస్ వచ్చి నెమ్మదైన పాటలు రెండు పాడి లోపలికెళ్ళిపోయాడు. టికెట్ కొన్నవాళ్ళకి మండింది. ఎవడో ఏదో విసిరితే పైనున్న దీపాల గాజు పగిలి వేదిక మీద కురిసింది. కొట్లాట మొదలైంది. మేనేజరు గ్రెటన్ జనంలోకి దూకేశాడు. కర్టిస్ పైన గదిలో కూర్చుని ఏడుస్తున్నాడు, ఇదంతా తన వల్లేనని. విల్సన్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఇంకో నెల తర్వాత, మే 2న, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో చివరి కచేరీ. అమెరికా ప్రయాణానికి టికెట్లు సిద్ధంగా ఉండగా అయిపోయింది.

నలుగురిలో ఎవరు వెళ్ళిపోయినా పేరు మార్చాలని వాళ్ళు ముందే అనుకున్నారు. మార్చారు. న్యూ ఆర్డర్ అయ్యారు. 1980 జులై 29న ముగ్గురే మాంచెస్టర్లో వేదిక ఎక్కారు, కొన్నాళ్ళు ముగ్గురూ తలా కాస్త పాడి చూశారు. చివరికి సమ్నర్‌కి పడింది ఆ పని. పాడుతూ వాయించడం కష్టమై అక్టోబరులో మాకిల్స్‌ఫీల్డ్ అమ్మాయి జిలియన్ గిల్బర్ట్‌ని తీసుకున్నారు, గిటార్‌కీ కీబోర్డుకీ. పాడినవాడి చోటులో కొత్త గాయకుణ్ణి తెచ్చి నిలబెట్టలేదు.

హాలు తలుపులు వేసి ఉన్నాయి. గాజులోంచి లోపలికి చూస్తే మెట్లు, ఒక పోస్టరు, తుడుపు కర్ర. పది నిమిషాలు నిలబడి కారెక్కాం. స్టేషన్ దారిలో మళ్ళీ వాన. వైపర్ల చప్పుడు తప్ప ఏం లేదు.

"అక్కడిప్పుడు టైమెంత?" అన్నాను.

"తొమ్మిదిన్నర దాటుంటుంది. పెళ్ళిళ్ళ సీజను, వాడు పనిలో ఉంటాడు."

కాసేపయ్యాక బావ ఇండికేటర్ వేసి కారు పక్కకి తీశాడు. "వెనక ఎడమ టైరు గాలి తగ్గినట్టుందిరా. దిగి చూస్తావా?"

నేను సీటు బెల్టు తీశాను, తలుపు మీద చెయ్యి పెట్టాను, ఆగాను. వాడు ముందుకే చూస్తున్నాడు, నవ్వడం లేదు.

"నువ్వు కూడా దిగు" అన్నాను.

ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని దిగాడు. ఇద్దరం తడుస్తూ వెనక్కి వెళ్ళి నిలబడ్డాం. బావ కాలితో టైరుని రెండుసార్లు నొక్కి చూశాడు. గాలి బానే ఉంది.